కుడివైపు నిలబడిన గొంతు

కారు సౌండు పనిలోకి కొత్తగా వస్తున్న యువకులు అప్పుడప్పుడు నన్ను కలిసి, ఏ స్పీకర్లు మంచివి, ఏ యాంప్లిఫయర్ కొనాలి అని అడుగుతూ ఉంటారు. నాకు తెలిసినంతవరకు చెబుతాను. వారు శ్రద్ధగా విని, వెళ్ళి తమకు ముందే నచ్చినవి కొంటారు. అందులో తప్పేమీ లేదు. ఆ వయసులో నేనూ అదే చేశాను. అయితే ఈ వృత్తిలో నేను నేర్చుకున్న ముఖ్యమైన సంగతి ఒకటి ఏ కంపెనీ పుస్తకంలోనూ లేదు గనుక, దానిని ఇక్కడ విడిగా రాస్తున్నాను.

మాది కృష్ణా డెల్టాలో చేనేత కుటుంబం. మా ఇంట్లో డిగ్రీ వరకు చదివిన మొదటివాడిని నేను. ఎలక్ట్రానిక్స్‌తో బీఎస్సీ పూర్తిచేసి, ప్రభుత్వోద్యోగం వచ్చేలోగా తాత్కాలికంగా ఉంటుందని విజయవాడ ఆటోనగర్‌లో ఒక కారు సౌండు షాపులో చేరాను. ఆ తాత్కాలికం నా జుట్టు నెరిసేదాకా సాగింది. ఆటోనగర్‌లో పదవీ విరమణ అనే పద్ధతి లేదు. డాష్‌బోర్డు కిందకు దూరినవాడు తిరిగి లేవడానికి ఇంకొకరి చెయ్యి కావలసివచ్చిన రోజున మానేస్తాడు. నేనూ అలాగే మానేశాను.

మా యజమాని నా డిగ్రీని నాకంటే ఎక్కువగా గౌరవించేవారు. షాపు బోర్డు మీద "గ్రాడ్యుయేట్ చేత సౌండ్ సెట్టింగ్" అని రాయించారు. ఆ అక్షరాలు షాపు పేరుకంటే పెద్దవి. మా నాన్న ఒకసారి వచ్చి, బోర్డు ముందు చాలాసేపు నిలబడి, అది నా గురించేనా అని అడిగి, అవునని తెలుసుకుని, టీ కూడా తాగకుండా బస్సెక్కి వెళ్ళిపోయారు. సంతోషించారని తర్వాత మా అమ్మ చెప్పింది.

సౌండు విషయంలో యజమానికి ఒకే ఒక పరీక్ష ఉండేది. పాట పెట్టినప్పుడు డ్రైవరు వెనక్కు చూసుకునే అద్దం ఊగాలి. ఊగితే మంచి సౌండు, ఊగకపోతే ఇంకా పెంచవలసిన సౌండు. ఆయన తప్పు లేదు, వచ్చినవారిలో చాలామంది అద్దం కోసమే వచ్చేవారు. మిగిలిన కొద్దిమంది కోసం నేను ఉండేవాడిని. వారికి నేను చెప్పే క్రమం ఇది: ముందు తలుపుల్లో మంచి స్పీకర్లు, ఆ తలుపుల రేకు గలగలలాడకుండా లోపల డ్యాంపింగ్ షీట్లు, తర్వాత స్పీకర్లకు సరిపడే యాంప్లిఫయర్, అన్నిటికంటే చివర ఆ అద్దాన్ని ఊపే బేస్ డబ్బా. అన్నీ బిగించాక అసలు పని మొదలవుతుంది. కారులో మనిషి మధ్యలో కూర్చోడు. ఒక స్పీకరు మోకాలి పక్కన, రెండోది అటు చివర ఉంటాయి. దగ్గరి స్పీకరు శబ్దం ముందు చేరుతుంది కనుక పాట అంతా ఆ పక్కకు లాగినట్టు ఉంటుంది. అందుకని దగ్గరిదానిని సెట్టింగులో లిప్తపాటు ఆలస్యం చేస్తాం. అప్పుడు పాడేవారు డాష్‌బోర్డు నడిమధ్య నిలబడి పాడుతున్నట్టు వినిపిస్తుంది. ఈ ఏర్పాటు ఒక్క సీటుకే పూర్తిగా కుదురుతుంది. ఆ సీటు ఏది అన్నదే ప్రశ్న.

పుస్తకాల్లో ఆ సీటు డ్రైవరుది అని ఉంటుంది. వన్ టౌన్‌లో బట్టల హోల్‌సేలు వ్యాపారి ఒకాయనకు నేను అలాగే చేశాను. నెల తిరక్కుండా ఆయన వచ్చి, ఇంత పెట్టినా తనకు ఏ తేడా తెలియడం లేదన్నారు. ఆయన ఎప్పుడూ వెనక ఎడమవైపు కూర్చుంటారు. కారు నడిపే ఉద్యోగి మాత్రం నా పక్కకు వచ్చి నమస్కారం పెట్టి, "సూపరండీ, పాడేవోళ్ళు నా ఎదరే కూర్చున్నట్టుంది" అన్నాడు. అప్పటినుంచి ఏ కారు వచ్చినా, మీరు ఎక్కడ కూర్చుంటారు అన్నది నా మొదటి ప్రశ్న అయింది.

గుణదల నుంచి వచ్చిన టీచరు గారిని కూడా అదే అడిగాను.

ఆమె మిషన్ పాఠశాలలో సంగీతం నేర్పి రిటైరయ్యారు. వయసు డెబ్బైకి దగ్గర. తెల్లని నూలు చీర, మెడలో సన్నని సిలువ గొలుసు, నేను కూడా తన పాత విద్యార్థినే అన్నట్టుగా చూసే చూపు. వారి చర్చిలో పాడే పిల్లల క్వయర్‌ను చాలాకాలంగా ఆమే నడుపుతున్నారు. బ్యాంకులో పనిచేసే కుమారుడు కొత్త కారు కొని ఆమెను తీసుకొచ్చాడు.

"నేను ముందు ఎడమ సీట్లో కూర్చుంటాను. మావాడు నడుపుతాడు," అన్నారు ఆమె. "సినిమా పాటలు నాకక్కర్లేదు బాబూ. మా పిల్లలు పాడింది ఫోన్లో రికార్డు చేసి తెచ్చుకుంటాను. దార్లో అది వినాలి. ఎవరు సరిగ్గా పాడుతున్నారో, ఎవరు ఊరికే నోరు కదుపుతున్నారో తెలియాలి."

నేను చాలా ఇష్టంగా చేసిన కార్లలో అది ఒకటి. మంచి స్పీకర్లు ఎంచాను. తలుపులకు షీట్లు వేయించాను. ఎడమ సీటులో నేనే కూర్చుని, గొంతు డాష్‌బోర్డు మధ్యకు వచ్చేదాకా సెట్టింగు సరిచేశాను. యజమాని వచ్చి అద్దం వైపు చూశారు. అది కదలలేదు. ఆయన వెళ్ళిపోయారు.

టీచరు గారు కూర్చుని, కళ్ళు మూసుకుని విన్నారు.

"పాట నా కిటికీలో ఉంది," అన్నారు.

"మధ్యలో లేదాండి?"

"లేదు. ఎడమ కిటికీలో ఉంది. ఎవరో బయట నిలబడి పాడుతున్నట్టుంది."

ఆమె దిగాక నేను కూర్చున్నాను. పాట మధ్యలోనే ఉంది. మా ఫిట్టరు కూర్చున్నాడు. అతనికీ మధ్యలోనే ఉంది. అయినా నేను ఆమెను అనుమానించలేదు. దీనికి కారణం చెప్పాలి. మా ఇంట్లో పుస్తకం చదవగలిగిన పెద్దలు లేరు. నాకు తెలిసినదంతా ఎవరో ఒక టీచరు చెప్పినదే. టీచరు తప్పు చెప్పరన్న నమ్మకం మీదనే నా చదువంతా నడిచింది. పైగా ఈమె సంగీతం టీచరు. మా షాపులో అందరం ఒకే నిర్ణయానికి వచ్చాం: మాకు వినిపించని లోపమేదో ఆమెకు వినిపిస్తోంది.

"ఆవిడ చెవి అంటే మామూలు చెవి కాదయ్యా," అన్నారు యజమాని. "మనమంతా లారీల మధ్య బతికేవాళ్ళం. ఆవిడ హార్మోనియం పక్కన బతికింది. ఏదో ఉంటుంది, వెతుకు."

వెతికాను. కుడి స్పీకరు మార్చాను. రెండోసారి వచ్చినప్పుడు కూడా పాట కిటికీలోనే ఉంది. యాంప్లిఫయర్ మార్చాను. పాట కిటికీ దాటలేదు. తలుపుల్లో షీట్లు మళ్ళీ వేయించాం. ఫిట్టరు విసిగి, స్క్రూడ్రైవరు చెవి వెనక పెట్టుకుని నా దగ్గరకు వచ్చాడు.

"గురువుగారూ, నేనో మాటంటాను, కోప్పడకూడదు. ఆ సీట్లో మీరు కూర్చుంటే బాగానే ఉంది, నేను కూర్చుంటే బాగానే ఉంది. ఆవిడ కూర్చుంటేనే చెడిపోతంది. మరి కారుదా లోపం?"

"పెద్దావిడ గురించి అలా మాట్లాడకూడదు," అన్నాను నేను.

"నేనేమన్నానండీ? సీటు గురించి అన్నాను," అని అతను వెళ్ళి తలుపు విప్పడం మొదలుపెట్టాడు.

ఆ రెండోసారి వచ్చినప్పుడే టీచరు గారు తన తొందరకు కారణం చెప్పారు. గుణదల ఉత్సవంలో వారి క్వయర్ పాడవలసి ఉంది. పాటలో ఒక చరణం ఒక్క గొంతే పాడాలి. దానిని ఇంటర్ చదివే ఒక అమ్మాయికి ఇచ్చారు. ఆ అమ్మాయి తల్లి గన్నవరం వైపు పొలం పనులకు వెళుతుంది. అమ్మాయి ఆ చరణం కోసం ఏడాదిగా సాధన చేస్తోంది.

"మంచి గొంతు. కాదనను," అన్నారు ఆమె. "కానీ గొంతు విప్పదు. నోరు ఆడుతుంది, శబ్దం రాదు. గట్టిగా పాడమని ఎన్నిసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా ఏడుపు ముఖం పెడుతుంది. ఈ ఆదివారం తేల్చెయ్యాలి. లేకపోతే చరణం వేరే అమ్మాయికి ఇస్తాను. అందుకే బాబూ, ఈ రికార్డింగు నేను సరిగ్గా వినాలి. అన్యాయం జరగకూడదు."

నేను రికార్డింగు విన్నాను. ఆ అమ్మాయి గొంతు స్పష్టంగా, కొంచెం ఎక్కువగానే వినిపించింది.

"నాకు వినిపిస్తోందండి," అన్నాను.

ఆమె నా వైపు జాలిగా చూశారు. "నువ్వు మంచివాడివి. అందుకని అలా అంటున్నావు."

ఆ మాటతో నేను నా చెవులను అనుమానించడం మొదలుపెట్టాను. ఇంటికి వెళ్ళి, నా భార్యను గదికి ఒక మూల నుంచి ఇంకో మూలకు నడుస్తూ మాట్లాడమని కోరాను. ఆమె ఏం మాట్లాడమంటారు అని అడిగింది. ఏదైనా అన్నాను. ఆమె చాలాకాలంగా చెప్పాలనుకున్నవి కొన్ని చెప్పింది. అన్నీ వినిపించాయి.

ఆ శనివారం టీచరు గారు మళ్ళీ వచ్చారు. అప్పటికి మార్చడానికి ఒక్క వైరు మాత్రమే మిగిలింది. అది కార్పెట్ కింద ఉంటుంది కనుక ఫిట్టరు ముందు ఎడమ సీటును మొత్తం విప్పి, బయట నేల మీద పెట్టాడు. నేను లోపం ఎక్కడుందో మొదటినుంచి వెతుకుదామని, చేసిన సెట్టింగులన్నీ తీసివేసి, కారును ఏ సవరణా లేని స్థితిలో ఉంచాను. రికార్డింగు చిన్నగా మోగుతోంది. బయట ఎండగా ఉంది. టీచరు గారు నిలబడలేక, డ్రైవరు సీటులో వచ్చి కూర్చున్నారు.

"డ్రైవింగు కూడా నేర్చుకుంటావా అమ్మా?" అన్నాడు కుమారుడు.

"నీకంటే బాగా నడుపుతాను. నోరు మూసుకో," అన్నారు ఆమె. అని, హఠాత్తుగా చెయ్యి ఎత్తి అందరినీ ఆగమన్నారు.

"ఇది కొత్త రికార్డింగా?" అని అడిగారు.

"కాదండి. మీరు తెచ్చిందే," అన్నాను.

"ఈ గొంతెవరిది?"

ఆ గొంతు ఆ ఇంటర్ అమ్మాయిది.

ఆమె పాట మళ్ళీ మొదటినుంచి పెట్టించుకున్నారు. "ఇప్పుడు బాగుంది. ఇప్పుడు నా ఎదురుగా నిలబడి పాడుతున్నారు. అందరూ ఉన్నారు," అన్నారు.

నేను వెనక సీటు మధ్యలోంచి తల ఆమె పక్కకు పెట్టి విన్నాను. సవరణ లేకపోవడం వల్ల పాట మొత్తం కుడి తలుపులోంచి వస్తోంది. నా బోర్డుకు అవమానకరమైన సౌండు అది. ఆమెకు మాత్రం అది నడిమధ్యలో ఉంది.

ఇంతలో యజమాని చప్పట్లు కొడుతూ వచ్చారు. "చూశారా మేడమ్ గారూ? వైరు మార్చాం. వైరులోనే ఉంటుందండీ అంతా. నేను మొదటినుంచీ చెబుతున్నాను."

ఆ వైరు ఇంకా ఫిట్టరు చేతిలోనే, చుట్టగా ఉంది. అతను దానిని నెమ్మదిగా వీపు వెనక్కు పెట్టుకున్నాడు.

కుమారుడు నా భుజం పట్టుకుని కారు వెనక్కు తీసుకువెళ్ళాడు.

"సార్, మీకు అర్థమైపోయిందని నాకు తెలుస్తోంది," అన్నాడు మెల్లగా. "అమ్మకి కుడి చెవి సరిగా లేదండి. ఇంట్లో మాకు తెలుసు. ఆవిడకి తెలీదు. తెలిస్తే క్వయర్ మానేస్తుంది. నాన్నగారు పోయాక ఆవిడకి ఉన్నది అదొక్కటే. ఎడమ సీట్లో కూడా ఇలాగే వినపడేలా కుడి పక్క పెంచేసి ఇచ్చెయ్యండి. వైరు అన్నారుగా మీ ఓనరుగారు, వైరే అనుకుందాం."

"కారులో పెంచగలనండి," అన్నాను. "క్వయర్ గదిలో ఎవరు పెంచుతారు?"

"మీరిద్దరూ అక్కడ ఏం మాట్లాడుకుంటున్నారో నాకు వినపడదనుకోకండి," అన్నారు టీచరు గారు. అద్దంలోంచి మమ్మల్ని చూస్తున్నారు. "నిజానికి వినపడలేదు. బాబూ, ఇటు రా."

వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను.

"నాకొక సంగతి చెప్పు. నువ్వు చదువుకున్నవాడివి. లోపం మీ వైరుదా, నాదా?"

ఒక వైపు యజమాని, ఇంకో వైపు కుమారుడు. ఇద్దరూ వైరు అనమనే చూస్తున్నారు. ఒక టీచరుకు మీరు పొరపడ్డారని చెప్పడం నాకు అంతవరకు అలవాటు లేదు. పరీక్షల్లో కూడా సమాధానం తెలియకపోతే ఖాళీగా వదిలేవాడిని తప్ప వాదించేవాడిని కాదు.

"ఒక్కసారి ఎడమ చెవి అరచేత్తో మూసుకుని వినండి మేడమ్," అన్నాను.

ఆమె మూసుకున్నారు. పెదవులు బిగుసుకున్నాయి. పాట మోగుతూనే ఉంది.

"ఇప్పుడు అది వదిలేసి, కుడి చెవి మూసుకోండి."

ఆమె కుడి చెవి మూసుకున్నారు. తీశారు. మళ్ళీ మూసుకున్నారు. ఆమె ముఖంలో ఏ మార్పూ రాలేదు. ఆ మార్పు రాకపోవడమే సమాధానమని ఆమెకు నాకంటే ముందు తెలిసింది. చేతిని ఒళ్ళో పెట్టుకుని, స్టీరింగు వైపు చూస్తూ కూర్చున్నారు.

"ఆ పిల్ల క్వయర్లో నా కుడిపక్క నిలబడుతుంది," అన్నారు చివరకు. "ఫోను కూడా అక్కడే, నా ముందు పెట్టి తీశాం. అందుకని ఇందులోనూ కుడిపక్కే ఉంది. అంతేనా?"

"అంతేనండి."

"అమ్మా, సోమవారం డాక్టరుగారి దగ్గరికి వెళదాం," అన్నాడు కుమారుడు.

"వెళదాం. సోమవారం కంటే ముందు ఆదివారం వస్తుంది." ఆమె కారు దిగారు. "బాబూ, నీ కారు సంగతి అలా ఉంచు. ఒక మనిషికి ఒక పక్క వినపడకపోతే గదిలో ఏం చెయ్యాలో నీకు తెలుసా?"

"స్పీకర్లను మార్చలేకపోతే, వినే మనిషి కూర్చునే చోటు మారుస్తామండి."

"అయితే రేపు మధ్యాహ్నం గుణదల రా."

యజమాని అప్పటిదాకా చప్పట్లు కొట్టిన చేతులను ఏం చెయ్యాలో తెలియక, ఒకదానితో ఒకటి తుడుచుకుంటున్నారు. నన్ను కోప్పడతారనుకున్నాను. సాయంత్రం షట్టరు దించేటప్పుడు మాత్రం ఒక మాట అన్నారు: "వైరు బాగానే అమ్ముడయ్యేదయ్యా." అంతకుమించి ఆ విషయం ఎత్తలేదు.

మర్నాడు గుణదల వెళ్ళాను. చర్చి వెనక ఒక రేకుల గది. పక్కనే ఆడుకునే పిల్లల అరుపులు, రోడ్డు మీద బస్సుల హారన్లు అన్నీ లోపలికి వస్తున్నాయి. సౌండు పనికి ఇంతకంటే చెడ్డ గదిని నేను చూడలేదు. టీచరు గారికి ఎడమపక్క మగపిల్లలు, కుడిపక్క ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. ఆడపిల్లల వరస చివర సన్నగా, రెండు జడలతో ఒక అమ్మాయి. తన చరణం పోతుందని ఆమెకు ముందే తెలిసినట్టుంది. పాటల పుస్తకాన్ని మూసి, గట్టిగా పట్టుకుని ఉంది.

టీచరు గారు నన్ను పరిచయం చేయలేదు. నేరుగా విషయంలోకి వెళ్ళారు.

"నాకు కుడి చెవి వినపడదు. నిన్ననే తెలిసింది," అన్నారు. "ఈ ఏడాదంతా నేను ఈ పిల్లని గట్టిగా పాడమని తిట్టాను. తను సరిగ్గానే పాడింది. తప్పు నాది. చరణం తనదే. నేను క్వయర్ మానెయ్యాలని మీరంటే మానేస్తాను. ఇప్పుడే చెప్పండి."

పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చివరికి రెండు జడల అమ్మాయే మాట్లాడింది.

"మాకు తెలుసు టీచర్."

"ఏం తెలుసు?"

"మీకు ఇటుపక్క వినపడదని."

"ఎప్పటినుంచి తెలుసు?"

"చాలా రోజుల నుంచి."

"మరి చెప్పవేం? ఇన్ని తిట్లు తింటూ ఎందుకు ఊరుకున్నావు?"

"చెప్తే మీరు రావడం మానేస్తారని టీచర్. మేమంతా అనుకున్నాం, చెప్పొద్దని."

టీచరు గారు కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడవడం మొదలుపెట్టారు. తుడవడం పూర్తయినట్టే ఉంది, అయినా తుడుస్తున్నారు. అది చూడలేక కాబోలు, ఆడపిల్లల వరసలోంచి ఇంకో అమ్మాయి నిజాయితీగా ఒక మాట కలిపింది.

"ఇంకా, మేం ఇటుపక్క కబుర్లు చెప్పుకుంటే మీకు వినపడదు కదా టీచర్."

మగపిల్లల వైపు నుంచి ఒక నవ్వు వచ్చి, మధ్యలో తెగిపోయింది.

టీచరు గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. "మంచిది. వరసంతా అటు వెళ్ళండి. ఆడపిల్లలు ఎడమకి, మగపిల్లలు కుడికి. ఏం, నడవండి."

గొణుగుళ్ళతో, కుర్చీల రాపిడితో వరసలు మారాయి. నేను ఆమె స్టూలును గోడ దగ్గరినుంచి లాగి, కుడి చివరకు జరిపి, ఎడమ చెవి గది మొత్తానికి ఎదురయ్యేలా కొంచెం తిప్పి పెట్టాను. ఆ ఆదివారం నేను చేసిన సాంకేతిక పని అంతా అదే. ఆమె కూర్చుని, తల అటూ ఇటూ తిప్పి చూసుకుని, హార్మోనియం మీద శ్రుతి అందించారు.

పాట మొదలైంది. చరణం దగ్గరకు వచ్చేసరికి అందరూ ఆగారు. రెండు జడల అమ్మాయి ఒక్కతే, ఏడాదిగా అలవాటైన ప్రకారం, మెడ నరాలు ఉబ్బేలా గొంతెత్తి పాడింది. రేకులు అదిరాయి.

టీచరు గారు చెయ్యి పైకెత్తి పాట ఆపించారు. ఆ అమ్మాయి బెదిరిపోయి చూసింది.

"కొంచెం తగ్గించి పాడు తల్లీ," అన్నారు ఆమె. "వినపడుతోంది."